టీకా వరుసలో దొరికిన మాట

(విదేశీ సువార్త పరిచర్యకు సిద్ధపడుతున్నవాళ్ళ శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. తడబాట్లు కొన్ని సరిచేసి రాసిన పాఠం.)

అందరికీ వందనాలు.

నాకిచ్చిన అంశం "బయల్దేరే ముందు చేసుకోవాల్సిన పనులు". దానికి పది నిమిషాలు కూడా అక్కర్లేదు. మీ చేతుల్లో ఉన్న కాగితంలో అన్నీ ఉన్నాయి: పాస్‌పోర్టు, వీసా, పోలీసు క్లియరెన్సు, టీకాలు, పళ్ళ డాక్టరు. పళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం నిజంగా వెళ్ళండి. నేను వెళ్ళకుండా బండి ఎక్కాను. మూడో నెలలో అనుభవించాను. (నవ్వులు)

ఆ కాగితంలో లేనిదాని గురించి మాట్లాడదామని వచ్చాను. మేము టాంజానియా వెళ్ళింది నేను నర్సింగు పాఠాలు చెప్పడానికి, మా ఆయన లెక్కలు చెప్పడానికి. సిద్ధపడటానికే ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో పనిగట్టుకుని ఎంతమందిని కలిశామో! పెద్ద పెద్ద పాస్టర్లను, ఆ దేశం వెళ్ళొచ్చినవాళ్ళను, ఉత్తరాలు రాసిచ్చేవాళ్ళను. ఒక డైరీ నిండింది. తీరా అక్కడ దిగాక ఆ డైరీ తెరిచిన సందర్భాలు చాలా తక్కువ. అక్కరకు వచ్చినవాళ్ళేమో డైరీలో లేరు. వాళ్ళను మేము లెక్కలోకే తీసుకోలేదు మరి.

ఒకటి చెప్తాను. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోమన్నారు. అది అన్ని ఆసుపత్రుల్లోనూ వేయరు, వేసేచోట రోజూ వేయరు. మందు సీసా కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి, లేదంటే పారబోయడమే. అందుకని తగినంతమంది పోగయ్యేదాకా బెంచీల మీద కూర్చోబెడతారు. వేశాక మళ్ళీ ఓ అరగంట, ఏమైనా రియాక్షన్ వస్తుందేమో చూడటానికి. మొత్తం మీద సగం రోజు. నాకు ఆ రోజు ఎంత విసుగొచ్చిందంటే, స్వాహిలీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్క ముక్క చదవలేదు.

పక్కన ఒకాయన కూర్చున్నాడు. యాభై ఏళ్ళు ఉంటాయి. గోళ్ళ సందుల్లో గ్రీజు, కడిగినా పోని నలుపు. బోరు యంత్రం నడుపుతాడట. టాంజానియాలో తొమ్మిదేళ్ళు బోర్లు వేశాడట, పాత టీకా కార్డు పారేసుకుని మళ్ళీ వచ్చాడు. నా పుస్తకం కేసి చూసి, "ఎన్నో పాఠంలో ఉన్నారమ్మా?" అన్నాడు. మూడో పాఠం అన్నాను. "అయితే పలకరించడం వచ్చేసి ఉంటుంది. పలకరించండి చూద్దాం."

నేను "జాంబో" అన్నాను.

ఆయన నవ్వలేదు, అదే నయం. "అది టూరిస్టుల మాటమ్మా. మీరు పెద్దావిడ ఎదురుపడితే జాంబో అంటే, పాపం ఏమీ తెలియదు అనుకుని ఊరుకుంటుంది. 'షికమో' అనాలి. కాళ్ళు పట్టుకుంటున్నాను అని అర్థం. ఎవరూ పట్టుకోరులెండి, మాట వరకే. ఆవిడ 'మరహబా' అంటుంది. ఆ మాట అనేదాకా కదలకండి. ఆ తరవాతే మీ పని ఏదైనా."

మా పుస్తకంలో షికమో పదకొండో పాఠంలో ఉంది. ఆ పుస్తకం రాసినవాళ్ళ తప్పు కాదు, వాళ్ళు వ్యాకరణం వరసలో రాశారు. ఈయన బతుకు వరసలో చెప్పాడు.

ఇంకోటి కూడా చెప్పాడు. "వాళ్ళు రెండు గంటలకి రమ్మంటే మీరు ఎనిమిదికి వెళ్ళాలి." వేళాకోళం అనుకున్నాను. కాదు. స్వాహిలీలో రోజు సూర్యుడితో మొదలవుతుంది. పొద్దున మనకు ఏడైతే వాళ్ళకు 'సా మోజా', ఒకటో గంట. మన ఎనిమిది వాళ్ళ రెండు. మన మధ్యాహ్నం పన్నెండు వాళ్ళ ఆరు. సాయంత్రం మళ్ళీ ఏడింటికి ఒకటి. చేతి గడియారం మనలాగే ఉంటుంది, నోటి లెక్క వేరు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, ఎందుకో స్వాహిలీ బైబిలు తెరిచి మత్తయి 27వ అధ్యాయం చూశాను. యేసు సిలువ మీద ఉన్నప్పటి చీకటి. మన తెలుగు బైబిల్లో "మధ్యాహ్నము మొదలుకొని మూడు గంటలవరకు" అని ఉంటుంది. స్వాహిలీలో 'సా సిటా' నుంచి 'సా టిసా' వరకు. అంటే ఆరో గంట నుంచి తొమ్మిదో గంట వరకు. మూలంలో గ్రీకులో ఉన్నది కూడా అదే, ఆరో గంట, తొమ్మిదో గంట. మనవాళ్ళు మనకు అర్థం కావాలని గడియారం మార్చి తర్జుమా చేశారు. వాళ్ళకు ఆ అవసరమే రాలేదు, మార్కెట్టుకు వెళ్ళే బామ్మ చెప్పే టైమూ సువార్తలో టైమూ ఒకటే. ఇరవై ఏళ్ళుగా చదువుతున్న వచనం, ఒక బోరు డ్రైవరు పుణ్యమా అని ఆ రోజు కొత్తగా చదివాను.

ఆ తరవాత పదాల పట్టిక రాసుకోవడం మొదలుపెడితే నాకు తెలిసిన ముఖాలే కనిపించాయి. దుకాణం అక్కడ 'దుకా'. సబ్బు 'సబూని'. కలం 'కలాము'. రంగు 'రంగి'. డబ్బు 'పెసా'. లెక్కలు 'హెసాబు', మా ఆయన సబ్జెక్టు అదే. లాయరు 'వకీలి', ఇన్సూరెన్సు 'బిమా', లోకం 'దునియా', మందు 'దావా', లక్ష 'లాకి'. అరబ్బు ఓడలూ మన వైపు వర్తకుల ఓడలూ రుతుపవనాల గాలి పట్టుకుని వందల ఏళ్ళు ఆ తీరానికీ ఈ తీరానికీ తిరిగాయి. మాటలు కూడా సరుకుతో పాటే దిగాయి. మిషనరీ పుస్తకాల్లో ఈ భాష కథ 1844లో జర్మన్ మిషనరీ యోహాన్ లుడ్విగ్ క్రాప్ఫ్ మొంబాసాలో దిగడంతో మొదలవుతుంది. ఆయన వ్యాకరణం, నిఘంటువు గొప్పవే, కాదనను. కానీ మనకు దారి అంతకంటే ముందే వేసి ఉంది, వేసినవాళ్ళు సబ్బులూ గుడ్డలూ అమ్ముకునేవాళ్ళు.

ఇలాంటిది అపొస్తలుల కార్యములు 16లో కూడా ఉంది, గమనించారో లేదో. పౌలు ఆసియలో, అంటే ఇప్పటి టర్కీ పడమటి వైపున్న అప్పటి రోమా రాష్ట్రంలో, వాక్యం చెప్పబోతే ఆత్మ ఆటంకపరిచాడు. బితూనియకు వెళ్ళబోయాడు, అదీ కుదరలేదు. త్రోయలో రాత్రి దర్శనం, మాసిదోనియవాడొకడు రమ్మని బతిమాలాడు. సముద్రం దాటి ఫిలిప్పీకి వెళ్తే, నది ఒడ్డున మొదట మనసు తెరిచి విన్నది ఎవరు? లూదియ. పిలిచింది మగవాడు, విన్నది ఆడమనిషి, అది సరే. (నవ్వులు) ఆవిడది ఏ ఊరు? తుయతైర. తుయతైర ఎక్కడుంది? ఆసియలో. ఎక్కడ మాట్లాడొద్దన్నాడో అక్కడి మనిషే ఊదారంగు అమ్ముకుంటూ ఇక్కడ కూర్చుని ఉంది. దీని మీద ప్రసంగం చేయను, మీరే ఆలోచించుకోండి.

ఇక మా వీసా సంగతి. మా ఆయన ఇంటిపేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా పడింది. ఒక ఆఫీసులో జరిగిన పొరపాటు. దిద్దించేసరికి నాలుగు నెలలు. సామాను సర్దేశాం, వీడ్కోలు కూడిక అయిపోయింది, శాలువాలు కప్పేశారు. ఆదివారం గుడికి వెళ్తే "ఇంకా ఇక్కడే ఉన్నారా?" అనేవాళ్ళు. ఆ టెన్షన్ కంటే ఆ సిగ్గు ఎక్కువ బాధించింది. వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టాం. వెనక వరసలో కూర్చునే ఇంకో అమ్మాయి ఉంది, చదువుకోవడానికి వచ్చిన టాంజానియా అమ్మాయి. ఏడాదిగా మా గుడికే వస్తోందట. మేమెప్పుడూ ముందు వరసలోనే కూర్చునేవాళ్ళం కాబట్టి చూడలేదు.

సిగ్గుపడాల్సిన విషయమేనండీ ఇది. ఒక దేశం వెళ్ళాలని ఏడాదిగా ప్రార్థన చేస్తున్నాం, ఆ దేశం మనిషి మా వెనకే కూర్చుని పాడుతోంది.

ఆ అమ్మాయి వారానికి మూడు సాయంత్రాలు మాకు పాఠం చెప్పింది. మొదటి సాయంత్రమే తిట్లు తిన్నాను. మంచినీళ్ళు అడగడం అభ్యాసం చేస్తూ "నటాకా మాజీ" అన్నాను, నాకు నీళ్ళు కావాలి అని. పుస్తకంలో అలాగే ఉంది. ఆ అమ్మాయి చెయ్యి ఎత్తి ఆపింది. "అలా పోలీసులు అడుగుతారు. 'నవోంబా మాజీ' అనండి." నవోంబా అంటే వేడుకుంటున్నాను అని. ప్రార్థన చేయడానికీ అదే క్రియ, ప్రార్థనలను 'మావోంబి' అంటారు. ఉప్పు అడిగినా దేవుణ్ణి అడిగినా ఒకే మాట. వయసులో నాకంటే పదిహేనేళ్ళు చిన్న. "టీచర్‌గా వెళ్తున్నారు కదా, అడగడం ముందు నేర్చుకోండి" అంది. నాకు కోపం వచ్చింది కూడా, దాచుకోవడం ఎందుకు.

అప్పుడే రాబర్ట్ మారిసన్ కథ చదివాను. చైనాకు వెళ్ళిన మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీ ఆయన. 1805 ప్రాంతంలో లండన్‌లో చదువుకుంటున్నాడు. చైనా భాష నేర్పేవాళ్ళు ఇంగ్లండులో దాదాపు లేరు. దొరికింది ఒక్కడు, యోంగ్ సామ్ టాక్ అని, ఇంగ్లీషు నేర్చుకుందామని లండన్ వచ్చిన చైనా మనిషి. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు. గురువుకు ముక్కుమీద కోపం, శిష్యుడికి తొందర. ఒకరోజు గురువు కాగితం మీద కొన్ని అక్షరాలు రాసిచ్చాడు. మారిసన్ వాటిని బట్టీపట్టి, పని అయిపోయింది కదా అని కాగితం నిప్పుల్లో వేశాడు. చైనా వాళ్ళకు రాసిన అక్షరం అంటే గౌరవం, కాల్చి పారేస్తారా? గురువు మూడు రోజులు పాఠం చెప్పలేదు. ఆ తరవాత నుంచి మారిసన్ తగరపు రేకు మీద రాసుకుని తుడుచుకునేవాడట. మూడు రోజుల అలకలో ఆయన నేర్చుకున్నది ఏ కాలేజీలోనూ చెప్పరు. 1807లో చైనా రేవు కాంటన్ చేరాక అక్కడ సాయపడ్డవాళ్ళలో ఈ యోంగ్ కూడా ఉన్నాడు.

ఆ లండన్ రోజుల్లోనే ఇద్దరూ కలిసి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక చేతిరాత ప్రతిని నకలు రాసుకున్నారు. కొత్త నిబంధనలో చాలా భాగానికి చైనా తర్జుమా అది. ఎవరు చేశారో మారిసన్‌కు తెలియదు. చేసింది జాన్ బాసే అనే ఫ్రెంచి కేథలిక్ ఫాదర్. హెబ్రీయుల పత్రిక మొదటి అధ్యాయం దాకా వచ్చి, 1707లో చనిపోయాడు. తర్జుమా అక్కడే ఆగింది. సరిగ్గా వందేళ్ళకు మారిసన్ ఆ నకలు పెట్టెలో పెట్టుకుని చైనాలో దిగాడు, దాన్ని ఆసరాగా పెట్టుకునే తన కొత్త నిబంధన చేశాడు. ఆ కాలంలో కేథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కాగితానికి ఆ గొడవ తెలియదు.

ఓడ దగ్గరే ఆగిపోయినవాళ్ళలో పెద్దవాడు విలియం కేరీ, ఇంగ్లండు నుంచి బెంగాల్ వచ్చిన బాప్టిస్టు మిషనరీ. ఈ కథ మీరంతా వినే ఉంటారు, అయితే విన్నది సగం. చెప్పులు కుట్టేవాడు, గోడకు ప్రపంచ పటం, 1793లో బెంగాల్ ప్రయాణం, అక్కడికి ఆపేస్తారు. మిగతా సగం అప్పులవాళ్ళతో మొదలవుతుంది. కేరీతో బయల్దేరిన డాక్టర్ జాన్ థామస్ అప్పటికే బెంగాల్ వెళ్ళొచ్చినవాడు, బెంగాలీ వచ్చినవాడు, నెత్తిన బోలెడు అప్పు ఉన్నవాడు. రోమా పత్రికలో పౌలు "నేను ఋణస్థుడను" అన్నది వేరే అర్థంలో, ఈయన మాత్రం అచ్చంగా రుణస్థుడే. అప్పులవాళ్ళు వెంటపడుతున్నారు. ఈస్టిండియా కంపెనీ లైసెన్సు లేదు. ఓడ ఇంగ్లండు దక్షిణ తీరంలో ఆగి ఉండగా కెప్టెన్‌కు ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. సామానుతో సహా దించేశారు.

దిగినప్పుడు కేరీ వెంట పెద్దకొడుకు ఫెలిక్స్ మాత్రమే ఉన్నాడు. భార్య డొరతీ రానంది. ఆవిడ చేతిలో అప్పుడే పుట్టిన పసివాడు. ఆ ఓడ ఆగకుండా వెళ్ళి ఉంటే ఆ కుటుంబం రెండు ముక్కలయ్యేది. దించేయడం వల్ల మళ్ళీ ఇంటికి వెళ్ళారు, మళ్ళీ అడిగారు. మళ్ళీ కాదంది. థామస్ వెనక్కి వెళ్ళి ఇంకోసారి బతిమాలాడు. చివరికి ఆవిడ ఒక్క షరతు పెట్టింది: మా చెల్లెలు కిట్టీ వస్తే వస్తాను. కిట్టీ కాసేపు ప్రార్థన చేసుకుని సరే అంది. ఒక్క రోజులో ఇల్లు ఖాళీ చేశారు. ఈసారి డెన్మార్కు ఓడ. డబ్బు చాలక థామస్, కిట్టీ నౌకర్ల లెక్కలో టికెట్టు తీసుకున్నారు. జూన్ 13న ఓడ కదిలింది.

మామూలుగా ఇక్కడ "దేవుని మార్గాలు అద్భుతం" అని ముగిస్తారు. నేను ముగించను. డొరతీకి ఏమైందో చెప్పాలి. బెంగాల్ వెళ్ళిన మరుసటి ఏడాదే అయిదేళ్ళ కొడుకు పీటర్ చనిపోయాడు. ఆవిడ మనసు చెదిరిపోయింది, మళ్ళీ కోలుకోలేదు. 1807లో చనిపోయేదాకా గదిలోనే. బాసే పోయిన వందేళ్ళకు అని ఇందాక చెప్పాను చూడండి, ఆ 1807. ఇలాంటి అంకెలు కలిస్తే మనకు ఒళ్ళు పులకరిస్తుంది. అంకెలు కలవడం వేరు, అర్థం ఉండటం వేరు. ఒక ఓడ తప్పిపోవడం కేరీకి మేలైందని రాసుకున్నాం, డొరతీని ఎవరూ అడగలేదు. దంపతులుగా వెళ్తున్నవాళ్ళు ఉన్నారు కదా ఇక్కడ, ఈ రాత్రి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఒకరు పిలుపు అంటుంటే ఇంకొకరు మౌనంగా ఉంటే, ఆ మౌనాన్ని సమ్మతి అనుకోకండి.

కిట్టీ సంగతి మాత్రం బాగుంది. చేతిలో కాసు లేక ఆ కుటుంబం సుందర్బన్స్ వైపు పడవలో వెళ్తుంటే, ఛార్లెస్ షార్ట్ అనే కంపెనీ ఉద్యోగి ఇంట్లో చోటిచ్చాడు. చివరికి కిట్టీ పెళ్ళి చేసుకున్నది ఆయన్నే. నౌకరు టికెట్టు మీద వచ్చిన మనిషి.

ఆ 1793లోనే, ఓడ ఎక్కక ముందు, కేరీ ఒక కుర్రవాణ్ణి కలిశాడు. విలియం వార్డ్, అచ్చు పని చేసేవాడు. మేము బైబిలు తర్జుమా చేస్తే అచ్చు వేయడానికి నీలాంటివాడు కావాలి, తరవాత రా అన్నాడు. దారిలో అనే మాట. మనమూ రోజుకు పదిమందితో అంటాం అలాంటివి. వార్డ్ మర్చిపోలేదు. ఆరేళ్ళకు, 1799లో, శ్రీరాంపూర్‌లో దిగాడు. అది డెన్మార్కు వాళ్ళ ఊరు, కంపెనీ చెయ్యి అక్కడ ఆడదు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది.

ఇక ఈ వార్డ్ దగ్గర నుంచి ఒక దారం పట్టుకుని వస్తాను, ఎక్కడ తేలుతుందో చూడండి. 1812 ఫిబ్రవరిలో అమెరికా నుంచి మిషనరీలు అడోనిరామ్ జడ్సన్ దంపతులు కలకత్తాకు ఓడ ఎక్కారు. వాళ్ళు కాంగ్రిగేషనల్ సంఘం వాళ్ళు, పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే సంఘం. కలకత్తాలో కేరీ వాళ్ళు బాప్టిస్టులు, విశ్వసించినవాళ్ళకే బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు, తప్పకుండా వాదన వస్తుంది, సమాధానాలు సిద్ధం చేసుకోవాలి కదా అని జడ్సన్ ఓడలో కొత్త నిబంధన ముందేసుకుని కూర్చున్నాడు. నాలుగు నెలల ప్రయాణం. వాదించడానికి చదివినవాడు చదివి చదివి అవతలి పక్షంలో తేలాడు. సెప్టెంబరులో కలకత్తాలో దంపతులిద్దరికీ బాప్తిస్మం ఇచ్చింది ఎవరనుకున్నారు? అచ్చు పని చేసే వార్డే.

దాంతో పంపిన సంస్థతో బంధం తెగింది. కొత్త దేశంలో చేతిలో డబ్బు లేదు, వెనక మనుషులు లేరు. వేరే ఓడలో వచ్చిన లూథర్ రైస్ కూడా అదే నిర్ణయానికి వచ్చాడు, అమెరికా తిరిగి వెళ్ళి బాప్టిస్టు సంఘాలను కూడగట్టాడు. 1814లో ఫిలడెల్ఫియాలో వాళ్ళ మిషనరీ సమాఖ్య పుట్టింది. ఆ సమాఖ్య దృష్టికి తెలుగువాళ్ళు ఎలా వచ్చారో తెలుసా? ఒడిశాలో పనిచేసే ఇంగ్లీషు మిషనరీ ఏమోస్ సటన్ భార్య అంతకు ముందు జేమ్స్ కోల్మన్ భార్య. కోల్మన్ జడ్సన్‌తో పనిచేసి చనిపోయిన అమెరికన్. ఆ అమెరికా చుట్టరికం పట్టుకునే సటన్ 1835లో అమెరికా బాప్టిస్టుల ముందు నిలబడి తెలుగువాళ్ళ దగ్గరికి ఎవరినైనా పంపండి అన్నాడు. శామ్యూల్ డే వచ్చాడు. 1840లో నెల్లూరు చేరాడు.

తరవాత ఒంగోలులో పనిచేసిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ. ఆ కథ మీకు తెలిసిందే, దాంట్లో ఒక ముక్క చాలు. ఆయన మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే గొలుసు మోశాడు, భూములు కొలిచే పని నేర్చుకున్నాడు. సువార్తకూ దానికీ ఏమిటి సంబంధం? 1876 నుంచి 78 దాకా కరువు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం ఆయన కాంట్రాక్టు తీసుకున్నాడు, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరికింది. గట్టు మీద మధ్యాహ్నం కూలీలతో మాట్లాడేవాళ్ళు బోధకులు. కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు, కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగాక, 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది. ఆ అంకె అందరూ చెప్తారు. వెనకున్న గొలుసూ, మూడున్నర మైళ్ళ మట్టీ ఎవరూ చెప్పరు.

ఆ సంఘాల నుంచి 1903లో జాన్ రంగయ్య గారు ఓడ ఎక్కారు. దక్షిణాఫ్రికాలో నాటాల్‌కు. 1860 నుంచి మద్రాసు ఓడల్లో కూలి ఒప్పందాల మీద వెళ్ళిన మనవాళ్ళ దగ్గరికి. పంపింది అమెరికావాళ్ళు కాదు, నెల్లూరు నుంచి తెలుగు బాప్టిస్టుల సొంత మిషనరీ సంఘం. ఆ ఏడాది చివర్లోనే కియర్స్నీలో తేయాకు తోటల మధ్య సంఘం మొదలైంది. వార్డ్‌తో కేరీ దారిలో అన్న మాటకు అప్పటికి నూట పదేళ్ళు. మధ్యలో ఒక్కరికి కూడా ఈ చివర తెలియదు.

మీరు ఇప్పుడు వెళ్ళి ఎవరితోనో ఒక మాట అంటారు, దాని చివర మీకూ తెలియదు. అందుకని ప్రతి మాటా దేవవాక్కులా పలకమని కాదు, అలా పలికేవాళ్ళ పక్కన కూర్చోవడం మహా కష్టం. (నవ్వులు)

మద్దతు కూడగట్టడం గురించి రెండు మాటలు చెప్పమన్నారు. లెక్క రాయండి, రసీదు ఇవ్వండి, ఇవ్వలేనన్నవాళ్ళను కూడా ఉత్తరాల జాబితాలో ఉంచండి. అంతే.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక సోదరుడు: అక్కా, అయితే ఇలాంటి పరిచయాల కోసం మనం ఏమైనా చేయాలా? లేక వాటంతట అవే వస్తాయా?)

నాకు తెలిసి చేయగలిగింది ఒకటే. వరుసలో కూర్చున్నప్పుడు ఫోను లోపల పెట్టండి. ఒళ్ళో ఆ భాష పుస్తకం ఉండాలి, కవరు పైకి కనిపించేలా. నేను చదవలేదని చెప్పాను కదా, అయినా పని చేసింది. ఇంకోటి, ఈ ఊళ్ళోనే ఆ దేశం వాళ్ళు ఉన్నారేమో ఇవాళే వాకబు చేయండి. కాలేజీలు ఉన్నచోట తప్పకుండా ఉంటారు. వాళ్ళను కూడికలో నిలబెట్టి పాట పాడించి ఫోటో తీసి పంపేయకండి. ఇంటికి పిలవండి, మీ ఉచ్చారణ చూసి వాళ్ళను నవ్వనివ్వండి.

(ఒక సోదరి: ఆ బోరు ఆయన మళ్ళీ కలిశారా అక్కా?)

లేదమ్మా. పేరు కూడా సరిగ్గా అడగలేదు, అంత విసుగులో ఉన్నాను ఆ రోజు. అరగంట అయ్యాక నర్సు పిలిచింది, ఇద్దరం లేచాం. వెళ్తూ వెళ్తూ నా టీకా చీటీ వెనక ఒక నంబరు రాసిచ్చాడు, అక్కడ తనకు తెలిసిన మెకానిక్కుదట. రంజాన్ నెలలో మాత్రం పగలు పని చెప్పకండి, పాపం ఉపవాసం అన్నాడు. మేము వెళ్ళిన రెండో వారమే బండి దారిలో ఆగిపోయింది. డైరీ తీశాను, పెద్దలవి పన్నెండు నంబర్లు ఉన్నాయి. అందులో మూడు మోగాయి, ఒక్కటీ ఎత్తలేదు, ఆదివారం కదా. అప్పుడు ఈ చీటీ గుర్తొచ్చింది. ఆ మెకానిక్కు గంటన్నరలో వచ్చాడు, వెంట వాళ్ళమ్మ కూడా ఉంది, బండిలో. నేను "షికమో మామా" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసి, తీరిగ్గా "మరహబా" అంది. అప్పుడు కదిలాను.

ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. చీటీ ఉంది, చూస్తానంటే బ్యాగులో ఉంది, తరవాత చూపిస్తాను.